ఎర్ర గీత మీద పసుపు గీత

బావగారికి,

ఇంకా అలాగే పిలవక తప్పని మీ బావమరిది నమస్కారం.

ముందుగా నా తెలుగుకు క్షమాపణ. నలభై దాటాక రాత్రి కళాశాలలో పట్టా పుచ్చుకున్నవాడి భాష ఇది. కొన్నిచోట్ల బిగుసుకుంటుంది, కొన్నిచోట్ల కిర్రుమంటుంది. అయినా రాస్తున్నాను. ఎదురుగా నిలబడి మాట్లాడితే మీరు మధ్యలో నవ్వి తప్పించుకుంటారు. కాగితం ముందు ఆ వీలు ఉండదు.

అక్క బండి సంగతి. కొండ మీది ఇళ్ళకు సరుకులు చేరవేసే ఆ పొట్టి ట్రక్కుకు పాత యాక్సిళ్ళు వాగు రాళ్ళ మీద నిలవడం లేదని, లారీ నుంచి తీసిన బరువైన యాక్సిళ్ళు వేశాం. అంతవరకు మనిద్దరిదీ ఒకే మాట. చక్రాలు పెద్దవయ్యాయి కనుక, అవి బాడీకి రాసుకోకుండా బండిని పైకి లేపాలి. నాలుగు అంగుళాలు చాలునన్నాను. ముందు వెనుక చక్రాలు దగ్గరగా ఉన్న బండి ఎంత ఎత్తు లేస్తే ఏటవాలులో అంత తేలిగ్గా బోల్తా పడుతుందని, కొండదారిలో తిరిగేది అక్క అని కూడా అన్నాను. మీకు ఎనిమిది కావలసి వచ్చింది. కారణం ఆ కొండ కాదు. ఎదురు షెడ్డు యజమాని, మనం కళ్ళజోడు అనేవాడు, తన బండిని ఏడంగుళాలు లేపి రోడ్డు మీద నిలబెట్టాడు, అదీ కారణం.

నా మాటకు మీరు ఇచ్చిన జవాబు షెడ్డులో ఉన్నవాళ్ళందరూ విన్నారు. “రాత్రి బడిలో ఎత్తుకి కూడా పరీక్ష పెట్టారా బామ్మర్దీ?” అందరూ నవ్వారు. నేను బండి కింద పడుకుని, ఎనిమిది అంగుళాలు లేపే స్ప్రింగు కమాన్లు బిగించాను. యజమాని మీరు. ఆ నవ్వును మింగాను, అది ఈ ఉత్తరానికి కారణం కాదు.

కారణం ముందు ఎడమ చక్రానికి వెళ్ళే బ్రేకు గొట్టం. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు పాత గొట్టం సరిపోయినట్టే కనిపిస్తుంది. జాకీ వేసి ఒక్క చక్రాన్ని గాలిలో వేలాడదీస్తే తెలుస్తుంది, బరువైన యాక్సిల్ ఎంత కిందికి జారుతుందో, గొట్టం వీణ తీగలా ఎలా బిగుస్తుందో. మీకు చూపించాను. తల ఊపారు. పొడవాటి గొట్టం తేవడానికి నేను బజారుకు వెళ్ళాను. నేను వచ్చేదాకా మీరు ఆగలేదు. కళ్ళజోడు షెడ్డు మూసి వెళ్ళిపోయేలోగా బండి వాడి కంట పడాలి. పాత గొట్టమే బిగించి, తాళాలు అక్క చేతిలో పెట్టి, ఒక చుట్టు తిప్పి రమ్మన్నారు.

సందు చివర పైపుల కోసం తవ్విన గోతిలో ఎడమ చక్రం దిగింది. గొట్టం తెగి బ్రేకు నూనె కారిపోయింది. ఆ సంగతి తెలియక అక్క బండిని గోతిలోంచి లాగి పల్లం వైపు తిప్పింది. బ్రేకు నొక్కితే పెడలు నేలకు తగిలింది. ఆమె బండిని గోడకేసి తిప్పకపోతే సందులో నడిచేవాళ్ళ మీదికి పోయేది. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

మన షెడ్డు పద్ధతి మీరే పెట్టారు. నట్టు బిగించినవాడు దాని మీద తన రంగు గీత గీయాలి, రేపు వదులైతే ఎవరిని అడగాలో తెలియాలి కనుక. మీది ఎరుపు, నాది పసుపు. ఆసుపత్రిలో అక్క నా వైపు తిరగకుండానే అంది: “నీ పసుపు చూపించారురా. ఇంకేం చెప్పకు.” ఫోనులో ఆ గొట్టం నట్టు ఫొటో చూపించి, పొద్దున్నే నేనే బిగించి వెళ్ళానని మీరు చెప్పారట.

పడకలో ఉన్న మనిషి ముందు తప్పు నాది కాదని గింజుకోవడం నాకు చేతకాలేదు. మర్నాడు షెడ్డుకు వెళ్ళి ఆ గొట్టం నట్టును గోటితో గీకాను. పసుపు పెచ్చు ఊడింది. కింద ఎరుపు ఉంది.

మీరు భయపడ్డారని అర్థం చేసుకోగలను. భార్య చేయి విరిగితే ఏ మగవాడైనా ఆ క్షణంలో నోటికి వచ్చిన అబద్ధం ఆడతాడు. దాన్ని క్షమించగలను. కానీ నా డబ్బా మూత తీసి, నట్టు మీది నూనె గుడ్డతో తుడిచి, కుంచె ముంచి, తిన్నగా గీత గీసిన మనిషిని క్షమించలేను. దానికి భయం కాదు, ఓపిక కావాలి.

నలభై ఏళ్ళవాణ్ణి రాత్రి కళాశాల గుమ్మం దాకా చేయి పట్టుకుని తీసుకెళ్ళింది అక్క. సిగ్గుతో వెనక్కి తిరగబోతే దారికి అడ్డంగా నిలబడింది. ఆమె ఇప్పుడు నేను గుమ్మంలోకి వస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోతోంది. మీ షెడ్డు, మీ ఎత్తు, కళ్ళజోడు మీద మీ గెలుపు, అన్నీ మీరే ఉంచుకోండి. నాకు అక్క తిరిగి కావాలి.

కట్టు విప్పగానే ఆమె మళ్ళీ కొండెక్కుతుంది, ఆపినా ఆగదు. కాబట్టి రేపు ఉదయం వచ్చి బండిని నాలుగు అంగుళాలకు దించుతాను. మీతో మాట్లాడను, సాయమూ అడగను. పని ముగిశాక నా స్పానర్లు తీసుకుని వెళ్ళిపోతాను. మళ్ళీ ఆ షెడ్డులో అడుగు పెట్టను. ఎదురు షెడ్డులోనూ చేరను, ఆ దిగులు మీకు వద్దు.

ఇట్లు,
మీ షెడ్డులో రేపటితో పని ముగించుకునే
మీ బావమరిది

తా.క. దీన్ని మీ తరువాత చదవవలసింది అక్క. మీరు చదివి వినిపించవద్దు, మధ్యలో వాక్యాలు జారిపోతాయి. చేతికి కట్టు ఉంది కనుక కాగితం మీరే పట్టుకోండి. ఆమె చివరి మాట దాకా చదివి తల ఎత్తే వరకు అక్కడే నిలబడండి.