వంకరకుట్టుకు ఒంట్లో బాగోలేదు

ప్రియమైన అక్కకు,

ఇక్కడ అందరం కులాసా. నీ మరిది మోకాలినొప్పి తగ్గింది. నేనే బాగోలేను. ఫోను మోగితే చాలు, దిండు కింద దాచేస్తున్నాను.

నా ఆన్‌లైన్ కుట్టు క్లాసు ఎలా సాగుతోందని అడిగావు. మొదట్లో ముప్ఫైమంది ఆడవాళ్ళు, అందరూ కెమెరాలు ఆపేసి, తెరమీద ముప్ఫై నల్లటి గళ్ళు. చంక దగ్గర ఎలా కత్తిరించాలో గొంతు చించుకుని చెప్పినా ఉలకరు, పలకరు. నెలలోనే ఎనిమిదిమంది మానేశారు. ఇప్పుడు మాత్రం క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకరి కుట్టు ఒకరు సరిదిద్దుకుంటున్నారు, గుడ్డముక్కలు పోస్టులో పంపుకుంటున్నారు.

ఇదంతా మేం వంకరకుట్టు అని పిలిచే ఒకావిడ చలవే. కొత్తగా చేరి, ఒకరోజు గ్రూపులో, "టీచర్, జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించాను, ఇప్పుడేం చెయ్యను?" అని రాసింది. అందరూ పడీపడీ నవ్వారు. "నేనూ అంతే చేశా, సిగ్గేసి చెప్పలేదు" అని క్లాసులోనే ఉన్న బేకరీ ఆవిడ ఒప్పుకుంది. ఆ ముద్దుపేరు పెట్టింది కూడా ఆవిడే. అప్పటినుంచి అందరికీ నోళ్ళు పెగిలాయి.

నీకెవరో గుడ్డముక్కలు పంపుతున్నారని, "త్వరగా కోలుకో" అని చీటీ కూడా ఉందని, వాళ్ళెవరని అడిగావు. ఫోనులో చెబుదామంటే నోరు రాలేదు. అక్కా, వంకరకుట్టు అనే మనిషి లేదు. అది నేనే. పాత ఫోనులోంచి వేరే పేరుతో చేరాను. చిరునామా అడిగితే ఏం చెయ్యాలో పాలుపోక నీదిచ్చాను.

క్లాసు దారిలో పడింది కదా, ఇక దీన్ని మెల్లగా తప్పిద్దామని ఒంట్లో బాగోలేదని రాశాను. అదే నా కొంప ముంచింది. పాత ఫోను ఒకటే మోగుతోంది. ఎత్తితే నా గొంతు గుర్తుపట్టేస్తారు. నిన్న బేకరీ ఆవిడ, "పాపం ఒంటరిగా ఉందేమో టీచర్, మేం వెళ్ళి చూసొస్తాం" అంది. వచ్చే ఆదివారం ఆరుగురు, ఆరు ఊళ్ళనుంచి, మీ ఇంటికొస్తున్నారు. వాళ్ళు ఒకరినొకరు నేరుగా చూసుకోవడం అదే మొదలు.

నిన్ను వంకరకుట్టులా దుప్పటి కప్పుకుని దగ్గమని రాయడానికే కూర్చున్నాను. సగం రాసి చించేశాను. నువ్వేం చెప్పకు. తలుపు తీసి కూర్చోబెట్టు, అందరికీ టీ ఇవ్వు. ఆ రోజు పొద్దున్న బస్సుకి నేనొస్తాను. నేనే చెబుతాను. వాళ్ళు నన్ను తిట్టినా పడతాను. నా అబద్ధం తెలిశాక ఒకరినొకరు కూడా నమ్మడం మానేస్తారేమోనని భయంగా ఉంది. చెప్పేటప్పుడు నా పక్కనే ఉండక్కా.

ఇట్లు,
నీ చెల్లి,
వంకరకుట్టు