ఎద్దు మెడలో నల్ల తాడు

11 జూన్ 2025, బుధవారం

ఏరువాక పున్నమి. మా చేను సోలార్ పార్కుకు లీజుకిచ్చి ఏళ్లయింది. వేరుశెనగ పండిన చోట ఇప్పుడు ప్యానెళ్లు ఎండకు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. ఫెన్సింగ్ బయట మాకు సన్నటి పట్టీ ఒకటి మిగిలింది. మా ఆయన నారాయణప్ప ఏటా అందులో ఒక చాలు దున్నాల్సిందే. మాకు ఎద్దులు లేవు, పక్కింటి కాటప్పవి అరువు. భూమికి మర్యాద చెయ్యల్ల గదా అంటాడు. నాకు పండక్కి చీర కొనడం మాత్రం ఆయన మర్యాదల్లోకి రాదు.

పూజయ్యాక ఎద్దు మెడకు దిష్టి తాడు కట్టాడు. నల్ల గొర్రె ఉన్నితో తనే పేనింది, బొటనవేలంత లావు. గొర్రెలు కాసిన వంశంలో ఈయనకు దక్కిన విద్య అంతవరకే. ఫోటో బాగా వచ్చింది. స్టేటస్ పెట్టాను.

12 జూన్

స్టేటస్ చాలామంది చూశారు. అందులో పోలీసులు ఉంటారనుకోలేదు.

పొద్దున ఆయన్ని స్టేషన్‌కు పిలిచారు. మధ్యాహ్నానికి పెళ్లి భోజనం చేసినవాడిలా తిరిగొచ్చాడు. టీ ఇచ్చినారు మ్మే, కుర్చీ కూడా ఏసినారు, అన్నాడు. ఏమడిగారంటే, నీ ఫోటో చూపిచ్చి ఎద్దు మెడలో ఉండేది నీదేనా అనిరి, నాదే సామీ, నేనే చేసినా అంటి, అన్నాడు ఛాతీ విరుచుకుని. అదంతా రాసుకుని సంతకం అడిగారట. కళ్లద్దాలు తేలేదు, ఇంకోసారి వచ్చి పెడతానన్నాడట. చదవకుండా ఎక్కడా సంతకం పెట్టొద్దని పెళ్లయిన కొత్తలో చెప్పాను. ఒక్క మాటైనా చెవికెక్కినట్టుంది.

అసలు ఎందుకు పిలిచారు అన్నాను. అడగలేదట. అడిగితే ఏం బాగుంటాది మ్మే, అన్నాడు.

13 జూన్, పొద్దున

నోటీసు వచ్చింది. పున్నమి ముందురోజు రాత్రి సోలార్ ప్లాంటులో రాగి కేబుల్ కోసుకుపోయారట. అనుమానితులు: ఒకటి, నారాయణప్ప. రెండు, ఫోటో తీసిన హనుమంతమ్మ, అంటే నేను. సోమవారం విచారణకు రావాలి, ఫోటోలో ఉన్న వస్తువు చూపించాలి.

ఫోన్‌లో ఆ ఫోటో మళ్లీ తెరిచి చూశాను. నల్లగా, లావుగా, ఎద్దు మెడ చుట్టూ. వాళ్ల కళ్లకు అది కేబుల్. ఈయనేమో నాదే, నేనే చేసినా అని చెప్పి వచ్చాడు.

నోటీసు ఇంకోసారి చదివాను. తర్వాత కోపం వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని. ఈయన తర్వాత రెండో పేరా!

అదే రోజు, సాయంత్రం

పావగడ కోర్టుకు వెళ్లాం, మాది కర్ణాటక వైపు తెలుగు నేల. అక్కడ కానూను సేవా సమితి అని న్యాయ సహాయం చేసేది ఉంది, వకీలును ఊరికే ఇస్తారు. ఆడవాళ్లను ఆదాయం ఎంతని కూడా అడగరట. ఆయన ఆదాయం వాళ్ల హద్దుకు లోపలే ఉంది, చెప్పుకోలేనంత లోపల.

ఊరికే ఇచ్చే వకీలు ఎలా ఉంటారోనని భయంగానే ఉండింది. బడిపిల్లలకు ఊరికే ఇచ్చే సైకిళ్లకు బ్రేకులు ఎలా పడతాయో నాకు తెలుసు. వచ్చిన పిల్ల పేరు భూమిక, నాగలమడిక ఊరమ్మాయి. స్కూటీ హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా వింది. నా క్లాసులో ఎవరూ అలా విన్న పాపాన పోలేదు.

అవ్వా, నోటీసుకు పోకుంటే అరెస్టుకు దారి ఇచ్చినట్టయితాది, పోయి నోరు జారినా కష్టమే, అంది. నేను మీతో వస్తా, పోలీసులకు చెప్పిన మాటల కింద సంతకం పెట్టే పనే లేదు, మన మెడకే చుట్టుకునే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు మనకుండాది, తాత మాత్రం ఆ పొద్దు మాట్లాడకుండా ఉండల్ల, అంది.

తాత అప్పటికే గుమాస్తాకు తాడు పేనే విధానం వివరిస్తున్నాడు.

ఆ తాడు సోమవారం తెండవ్వా, అంది భూమిక.

14 జూన్

తాడు కోసం కాటప్ప దగ్గరికి వెళ్లాం. ఇవ్వనన్నాడు. ఏరువాక తాడు దానంతటది తెగి పడాలి గానీ చేత్తో విప్పకూడదు. నాకూ తెలుసు, మరిచిపోయాను. యిప్పితే ఎద్దుకేమన్నా అయితే నా చేను మీ లాయరమ్మ దున్నుతాదా, అన్నాడు.

భూమికకు ఫోన్ చేశాను. చాలాసేపు నవ్వింది. అట్లయితే ఎద్దునే తోలుకొని రండవ్వా, అంది.

15 జూన్, ఆదివారం

ఇంట్లో ప్రాక్టీసు. నేను ఎస్‌ఐని, అప్పడాల కర్ర లాఠీ. పేరేమిటి అన్నాను. లాయరమ్మను అడుగు అన్నాడు. పేరు చెప్పొచ్చు మహానుభావా అన్నాను. దాంతో పేరు, ఊరు, వాళ్ల నాయన మందలో ఏ గొర్రె కుంటిది, అన్నీ చెప్పాడు. ఎస్‌ఐగా నన్ను చూసి ఆయనకు భయం లేదు. పెళ్లాంగా చూసే లేనప్పుడు ఇదెంత.

మధ్యలో ఆగి, జైల్లో మంచం ఇస్తారా మ్మే, నా నడుము సంగతి నీకు తెలుసు గదా, అన్నాడు.

కర్ర కింద పెట్టేశాను. తర్వాత ప్రాక్టీసు సాగలేదు.

16 జూన్, సోమవారం

ముందు భూమిక స్కూటీ. వెనక ఆటోలో మేము. మా వెనక టాటా ఏస్‌లో ఎద్దు, దాని పక్కన పెళ్లికొడుకులా కాటప్ప.

స్టేషన్‌కు పశువును తెస్తారా అని ఎస్‌ఐ కన్నడలో మండిపడ్డాడు. భూమిక గొంతు పెంచలేదు. వస్తువు చూడాలని మీరే రాశారు సార్, వస్తువు ఎద్దు మెడ దిగి రానంటోంది, అంది. ముందు ఫోటోను కంప్యూటర్‌లో ఉన్ని పోగులు కనిపించేంత పెద్దది చేయించింది. తర్వాత ఎస్‌ఐని ఆవరణలోకి నడిపించింది. తాడు విప్పడానికి ఒప్పుకోని కాటప్ప, వేలాడే కొస కత్తిరించడానికి ఒప్పుకున్నాడు. ఎస్‌ఐ తన చేత్తోనే అగ్గిపుల్ల గీసి ఆ ముక్కకు అంటించాడు.

కేబుల్ తొడుగైతే కరిగి బొట్లు కారాలి. ఇది చిటపటమని ముడుచుకుంది. వెంట్రుకలు కాలిన కంపు స్టేషనంతా కమ్మింది. రాతపని చూసే రైటర్ ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే ఎద్దు కూడా తన వాంగ్మూలం ఇచ్చింది, మెట్ల ముందు, పెద్ద కుప్ప. మంచి ఎరువు సామీ, ఊరికే ఇస్తాండా, అన్నాడు కాటప్ప. అందరికంటే ముందు నవ్వింది ఎస్‌ఐ.

లోపలికి వచ్చి కూర్చున్నాక, ఇక మేం లేద్దామన్నాం. భూమిక లేవలేదు. నవ్వితే సరిపోదవ్వా, కాగితం కావల్ల, అంది నా చెవిలో. మొన్న రాసుకున్న మాటలు తప్పుగా అర్థమయ్యాయని, మా ఇద్దరి మీద అనుమానం లేదని రాయించి, ముద్ర వేయించాకే కుర్చీ వదిలింది.

అంతసేపూ మా ఆయన నోరు తెరవలేదు. మంచినీళ్లు కావాలా అని ఎస్‌ఐ అడిగితే, భూమిక వైపు చూశాడు, తాగొచ్చా అని.

17 జూన్

కొత్త స్టేటస్ పెట్టాను. ఎద్దు ఫోటో. కింద రాశాను: ఇది ఉన్ని.

21 జూన్

సంత దగ్గర ఎస్‌ఐ మోటార్ సైకిల్ కనిపించింది. హ్యాండిల్‌కు నల్ల ఉన్ని తాడు కట్టి ఉంది. ముడి మా ఆయనదే. ఎప్పుడు కట్టావని అడిగాను.

మాట్లాడకుండా ఉండే హక్కుండాదంట మ్మే, అన్నాడు.