ఖాళీ బెల్టు

ఆత్మకూరు, మంగళవారం, 1981

ఇవాళ పంచాయతీ వాళ్ళు వీధికుక్కలకు విషం పెట్టారు. మెడలో బెల్టు ఉంటే పెంపుడు కుక్క అని వదిలేస్తారు. అందుకే వారం నుంచీ కుట్టుమిషన్ దగ్గర మిగిలిన గుడ్డపీలికలతో బెల్టులు కుట్టి, మా వీధి కుక్కలన్నిటికీ కట్టాను. వాటిలో మా నల్లోడి బెల్టు మాత్రం ఎదురింటి సుబ్బరామయ్య కోసి పారేశాడు. వెళ్ళి నిలదీస్తే నవ్వాడు.

“వీధికుక్కకి బెల్టు ఏంది మస్తానమ్మా? బెల్టంటే మా టైగర్‌కి ఉండాల!”

సాయంత్రం ఆ టైగరే మా గడపలోకి వచ్చింది. లోపలికి పిలిచి, దాని తోలుబెల్టు విప్పి, తీసుకుపోయి వాళ్ళ తలుపు గొళ్ళేనికి తగిలించి వచ్చాను.

ఇప్పుడు సుబ్బరామయ్య లాంతరు పట్టుకొని వీధంతా తిరుగుతున్నాడు, “టైగర్, టైగర్” అని గొంతు పోయేలా. ఏడవనీ. చెత్తబండిలో చచ్చిన కుక్కల మధ్య నేను నల్లోణ్ణి వెతుక్కోలేదా? తెల్లారేదాకా ఇవ్వను.

టైగర్ నా మంచం పక్కనే ఉంది. ఆ గొంతు వినబడినప్పుడల్లా తోక నేలకేసి కొడుతోంది. ఒక చేత్తో దాని మూతి గట్టిగా పట్టుకొని, రెండో చేత్తో ఇది రాస్తున్నాను.