నువ్వు బతకని ఆ నెల

తమ్ముడూ దానియేలూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవడానికి నువ్వు లేవని తెలిసే ఈ ఉత్తరం రాయిస్తున్నా. నాకు అక్షరం రాదు కదా, రాస్తున్నది నీ దగ్గర చదువు నేర్చిన కోటమ్మ.

నీకు క్షయ ముదిరిందనీ, ఆర్నెల్లకు మించి బతకవనీ జగ్గయ్యపేట డాక్టరుగారు చెప్పిన వారమే, మన పల్లెలో కూలికెళ్లే ఆడవాళ్లకి చదువు చెప్పడం మొదలెట్టావు. దగ్గుతూనే అక్షరాలు దిద్దించావు.

"పడుకోరా, ఇంకో నెల బతుకుతావు" అని పోట్లాడా.

"ఆ నెల ఏం చేశావని ప్రభువు అడిగితే, పడుకున్నానని చెప్పనా అక్కా?" అన్నావు.

ఆ కోపంతోనే నేను నీ దగ్గర పలక పట్టలేదు. నువ్వు ఐదో నెలలోనే పోయావు.

నిన్న మన వీధి సువార్తమ్మ కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు. మునేరు పొంగడంతో నందిగామ నుంచి పాస్టరుగారు రాలేకపోయారు. వాక్యం చదవకుండా పూడ్చొద్దని ఆమె మొగుడు గోతి పక్కన కూలబడ్డాడు. అప్పుడు కోటమ్మ నీ బైబిలు తెచ్చి, వాన పడకుండా కొంగు కప్పి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ఒక్క మాటా వదల్లేదు. అంతా విని అతను లేచి, తనే మొదటి మట్టి వేశాడు.

నువ్వు చేసింది మంచిపనే తమ్ముడూ, ఒప్పుకుంటున్నా. అయినా ఆ నెల నాకు కావాలి. చదువు పేరుతో దాన్ని పట్టుకుపోయిందని కోటమ్మ మీద నాకు కోపం ఇంకా పోలేదు. ఆ మాట కూడా రాయమన్నా. కాసేపు కలం ఆగింది. తర్వాత రాసింది.