ఎర్ర పట్టీ

ముప్పాళ్ళ,
ఆదివారం.

అమ్మకి,

స్వాతి దణ్ణం పెట్టి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. ఆ మాట అలవాటుగా రాయలేదమ్మా, ఇవాళ పొద్దున లేచాక నిజంగానే బాగున్నామనిపించి రాస్తున్నా. అక్కడ నువ్వూ, అన్నయ్యా, వదినా, చంటిదీ చల్లగా ఉండాలి.

ఈ ఉత్తరం ఇప్పటికి చానాసార్లు మొదలుపెట్టి చించేశా. రెండు ముక్కలు రాయడం, లేచి గేటు దాకా పోయి రావడం, మళ్ళీ కూర్చోవడం. కుదురు లేదు. ఫోను చేస్తే నీకు వినపడదు, అన్నిటికీ "ఆఁ, సరే" అంటావు. మెసేజి పెడితే వదిన చదివి నీ చెవి దగ్గర అరిచి చెప్పాలి. ఇది వదిన నోటి వెంట నువ్వు వినకూడదు, నా రాతే చదవాలి.

ముందు నువ్వడిగినవి. గేదె ఈనింది, పెయ్యదూడ. జున్నుపాలు వీధిలో అందరికీ పంచా. ఆవకాయ జాడీ నువ్వు చెప్పినట్టే మూత మార్చి పైన గుడ్డ కట్టా. చంటిదానికి నలుగు పెట్టేటప్పుడు పూణే చలి చూసుకో, మన ఎండలనుకునేవు. ఇక "మీ నాన్న వీడియోలో కనపడటం లేదు, నా మీద కోపమా" అని రాశావు. కోపం కాదమ్మా. ఆ సంగతికి వస్తా.

"ఆసుపత్రికి రంగుల రూల్సు ఏంది, దానికి నువ్వు నెలల తరబడి కూర్చోడమేంది" అని కూడా అడిగావు. చెప్తా విను. మా ప్రజావైద్య సంస్థకి మండలానికో వైద్యకేంద్రం ఉందిగా. ఒక్కోదానికి ఒక్కో వెబ్‌సైటు. పెదకూరపాడుది చిలకపచ్చ, దుర్గిది గులాబీ. ఎక్కడ చూసినా అధికారుల ఫొటోలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, పరిగెత్తే అక్షరాలు. ఏది మాదో ఏది కాదో తెలిసేది కాదు. పోయినేడు ఎవరో మా గుర్తు దొంగిలించి, అట్టాంటిదే ఒక దొంగ సైటు పెట్టి, ఓపీ చీటీ ఇప్పిస్తామని జనం దగ్గర డబ్బులు లాగారు. పాపం ఒకామె గర్భంతో ఉండి అది నమ్మి వచ్చి, గేటు దగ్గర కూలబడి ఏడ్చింది.

దాంతో విజయవాడ హెడ్డాఫీసు వాళ్ళు రూల్సు తెచ్చారు. అన్ని సైట్లకీ ఒకటే నీలం, ఒకటే తీరు అక్షరాలు, పైన ఎడమ పక్క సంస్థ గుర్తు, దాని చుట్టూ ఖాళీ. ఆ ఖాళీలోకి ఏదీ రాకూడదు. ఎరుపు వాడకూడదు. కదిలేది ఏదీ ఉండకూడదు. స్కూలు పిల్లలకి యూనిఫాం అనుకో. ఎవరి పిల్లలో చూడగానే తెలియాలి. అక్కడ ఈ పని చూసేది చైతన్య అని నా ఈడు అతను. నెమ్మదస్తుడు, పని మీద ప్రాణం. నరసరావుపేటలో కూర్చుని జిల్లా సైట్లన్నీ కొత్త రూపంలోకి మార్చే పని నాది. ఇష్టంగా చేశానమ్మా. ఆ శుభాకాంక్షలు ఒక్కొక్కటి పీకేస్తుంటే ఇల్లు దులిపినంత హాయిగా ఉండేది.

ఇక్కడ ఆపి మళ్ళీ గేటు దాకా పోయొచ్చా.

అమ్మా, మంచం మీద కూర్చో. నాన్న బాగున్నాడు. ఈ పూట రెండు ఇడ్లీలు తిని, పచ్చడిలో ఉప్పు లేదని నన్ను తిట్టాడు. ముందు ఈ ముక్క రెండుసార్లు చదువుకుని, తర్వాత కిందికి పో.

నువ్వు పూణే వెళ్ళిన మరుసటి నెల, పత్తి చేను గట్టు మీద గడ్డి కోస్తుంటే నాన్నని రక్తపింజర కరిచింది. పాదం మీద. పొద్దున పూట. పక్క చేలో జీనతక్క ఉంది. కేక విని పరిగెత్తుకొచ్చింది. ఎరువుల సంచులు దింపుతున్న ఆటో ఆపి నాన్నని ఎక్కించింది. నాకు ఫోను మీద ఫోను చేసింది. నేను ఎత్తలేదు. ఆ టైములో, అప్పటికే జనానికి తెరిచిన కొత్త సైట్లు అధికారులకి చూపిస్తున్నా. ఫోను సైలెంటులో పెట్టి బ్యాగులో వేసి ఉంది.

మన చేను నించి ముప్పాళ్ళ ఒక పక్క, సత్తెనపల్లి ఇంకో పక్క కదా. దగ్గర కదా అని అక్క మన ముప్పాళ్ళలో మా సంస్థ కేంద్రానికే తీసుకుపోయింది. అక్కడ పాము మందు అయిపోయింది. సెలైను పెట్టి, సత్తెనపల్లి కేంద్రంలో ఉంది పొమ్మన్నారు. వచ్చిన దారినే వెనక్కి, మన చేను ముందు నించే మళ్ళీ సత్తెనపల్లికి. అక్కడికి చేరేసరికి కాలు మోకాలి దాకా వాచింది, చిగుళ్ళ నించి రక్తం. మందు ఎక్కించారు, ప్రాణం నిలిచింది. కానీ ఆలస్యానికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. గుంటూరు తీసుకుపోయాం. రక్తం శుద్ధి చేసే మిషను మీద కొన్నాళ్ళు పెట్టారు. అన్నయ్య హైదరాబాదులో ఆఫీసు పనని నీతో చెప్పి వచ్చింది ఇక్కడికే. వాడిని తిట్టకు. "అమ్మ ఒక్క ఉదుటున రైలెక్కుద్ది, చంటిదీ బాలింతా ఏమయిపోతారు, చెప్పొద్దు" అన్నది నేను. ఆ మిషను మీద ఉన్న మొహంతో నీకు కనపడనన్నది నాన్న.

ఇప్పుడు మిషను అవసరం లేదు. కిడ్నీలు మళ్ళీ పనిచేస్తున్నాయని డాక్టరు నవ్వి చెప్పాడు. పాదం మీద పుండు మానుతోంది. కొంచెం ఈడ్చి నడుస్తాడు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. అసలు రాయాల్సింది ఇంకా ఉంది.

గుంటూరు నించి ఇంటికొచ్చాక ఊరంతా నాన్నని చూసిపోయారు. జీనతక్క రాలా. ప్రాణం కాపాడిన మనిషి, మన గడప తొక్కలా. దారిలో ఎదురైతే కొంగు లాక్కుని పక్క సందులోకి పోయేది. నాన్న రోజూ అడిగేవాడు, "జీనతు రాలేదేందే" అని. తర్వాత వాళ్ళాయన చెప్పాడు. "నా వల్లే బాబాయికి ఆలస్యం అయింది, తిన్నగా సత్తెనపల్లి తీసుకుపోయి ఉంటే ఇంత జరిగేది కాదు" అని కుమిలిపోతోందంట. కూడు తినదంట, చేలోకి పోదంట. ఊళ్ళోవాళ్ళు కూడా ఊరుకున్నారా? "దగ్గరని పోవడమే గానీ, మందు ఉందో లేదో కనుక్కోవద్దూ" అని మొహం మీదే అన్నారంట.

ఆమె కనుక్కుందమ్మా. కనుక్కోవాల్సిన చోటే కనుక్కుంది.

పాత సైటులో అన్నిటికన్నా పైన ఒక ఎర్ర పట్టీ ఉండేది. పాము మందు ఏ కేంద్రంలో అయిపోతే ఆ ఊరి పేరు, దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో ఆ ఊరి పేరు అందులో పడేవి. అది పెట్టించింది నేనే. పొలాల్లో తిరిగేవాళ్ళు చూసుకోండని జీనతక్కకి, ఆ వీధి ఆడాళ్ళందరికీ ఫోన్లో చూపించింది కూడా నేనే. "ఎర్రది కనపడితే మందు లేదని, కనపడకపోతే ఉందని" అని అరటిపండు ఒలిచినట్టు చెప్పా.

కొత్త రూల్సులో ఎరుపు లేదు. గుర్తు పైన ఖాళీలోకి ఏదీ రాకూడదు. పట్టీ సంగతి ఏం చేద్దామని చైతన్యని అడిగా. "సేవలు అనే పేజీలో కింద పెట్టండి" అన్నాడు. అది సరిపోదని నా మనసుకి తెలుసు. గట్టిగా అనలా. సైట్లు అంత ముచ్చటగా వచ్చాయి, పైన ఆ ఎర్ర గీత నాకే ఎబ్బెట్టుగా కనపడింది. నా చేత్తో నేనే తీసేశా.

ఆ పొద్దున ఆటోలో, నాన్న తల ఒళ్ళో పెట్టుకుని జీనతక్క సైటు తెరిచింది. ఎర్రది కనపడలా. మందు ఉందనుకుని ముప్పాళ్ళ పోనిమ్మంది. తనే సరిగా చూసుకోలేదేమోనని ఆ రోజే సత్తెనపల్లిలో నాతో అంది.

ఆ రోజు సాయంత్రం సత్తెనపల్లిలో నాన్న మంచం పక్కన కూర్చుని, ఎవరినీ అడక్కుండా, అన్ని సైట్ల మీదా పట్టీ మళ్ళీ పెట్టేశా. ఎర్రగానే. గుర్తు నెత్తి మీద. మర్నాడు చైతన్య ఫోను చేశాడు.

"స్వాతి గారూ, ఇది రూల్సుకి విరుద్ధం. ఒకచోట వదిలేస్తే రేపు ప్రతి కేంద్రం వాడూ తనకి కావాల్సింది పైన పెడతాడు. దొంగ సైట్లవాళ్ళకి కావాల్సింది కూడా అదే."

"తియ్యనండి. మీరు తీస్తే మళ్ళీ పెడతా."

"ఎందుకండీ ఇంత మొండితనం? ఏం జరిగింది?"

చెప్పా. తర్వాత, "నేను తియ్యను. కానీ మీకు మెమో వస్తుంది, ఆపలేను" అన్నాడు.

వచ్చింది. విజయవాడ పిలిచారు. డైరెక్టరు మేడం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పా. రూల్సు మంచివేనని, నేనూ ఇష్టపడే చేశానని, కానీ ప్రాణం మీదికొచ్చినవాడు ‘సేవలు’ అనే మాట వెతుక్కుంటూ కిందికి పోడని చెప్పా. మా నాన్నేనని కూడా చెప్పా. చైతన్య లేచి, పొరపాటు రూల్సు రాసినవాళ్ళది, అంటే తనది అన్నాడు. అతను అలా అంటాడని నేననుకోలా. రూల్సు మార్చారమ్మా. ప్రాణం నిలిపే మందు లేనప్పుడు మాత్రం గుర్తు పైన ఎర్ర పట్టీ ఉండి తీరాలని కొత్త పేజీ చేర్చారు. మందు ఉన్నప్పుడు కూడా ఉందని ఆకుపచ్చలో చూపించాలన్నారు, ఏమీ కనపడకపోతే జనం ఏమనుకోవాలో తెలియదు కాబట్టి. అనుమతి లేకుండా మార్చినందుకు నా మీద మెమో మాత్రం అలాగే ఉంచారు. ఈసారి జీతం పెంచరంట. పోనీ.

గెలిచినట్టే ఇంటికొచ్చా. బస్సు దిగి వస్తుంటే జీనతక్క నన్ను చూసి సందులోకి తిరిగింది.

నిన్న వాళ్ళింటికి పోయా. వాకిట్లో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలా.

"అక్కా, నువ్వు చూసింది సరైన చోటే. పట్టీ ఉండాల్సింది. రూల్సు మారాయని తీసేసింది నేను. నీకు చెప్పాలన్న తలపు కూడా రాలా."

చేట కింద పెట్టింది. "ఎవరికెవరికి తెలుసు ఈ సంగతి?"

"ఆఫీసులో చెప్పా. విజయవాడలో కూడా."

"విజయవాడ పోయి చెప్పొచ్చావు." గొంతు పెద్దది చేసింది. "ఆ ఆఫీసర్లందరికీ చెప్పుకున్నావు. పక్క వీధిలో నేను కూడు మాని పడుంటే, వచ్చి ఒక్క మాట చెప్పడానికి నీకు కాళ్ళు రాలేదేందే? బాబాయిని నేనే చంపేదాన్నని ఇన్నాళ్ళూ కొట్టుకుంటున్నా గదే!"

భయమేసింది అక్కా అన్నా. నిజంగా అంతే అమ్మా. ఆఫీసర్ల ముందు రూల్సు గురించి మాట్లాడటం తేలిక. వాళ్ళు నా చిన్నప్పుడు నాకు జడలు వెయ్యలేదుగా.

ఆమె కొంగు దులుపుకుని లేచి, నన్ను దాటుకుని తిన్నగా మనింటికి నడిచింది. నేను వెనకాల. నాన్న వసారాలో మంచం మీద ఉన్నాడు. చూడగానే, "వచ్చావా జీనతూ! ఆటోలో నా తల పట్టుకుని కూర్చున్నావు, ఇంటికి రావడానికి ఇంతకాలమా?" అన్నాడు. ఆమె ఆయన పాదం దగ్గర నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. నేను గడప దగ్గరే నిలబడి మొత్తం మళ్ళీ నాన్నకి చెప్పా. ఆయనకీ అప్పటిదాకా చెప్పలా. అంతా విని, "మీ అమ్మకి నువ్వే రాయి. ఇంకొకళ్ళ నోటి వెంట వినకూడదు" అన్నాడు.

అందుకని ఈ ఉత్తరం.

అన్నయ్య నీకు టిక్కెట్టు తీస్తున్నాడు. తొందరపడి కిందపడకు, వదిన వాళ్ళమ్మ వచ్చాకే బయల్దేరు. వచ్చాక నన్ను ఎంతైనా తిట్టు.

ఇవాళ పొద్దున కూడా జీనతక్క వచ్చింది. నాన్నకి రాగిజావ తాగించి, పుండు చూసి, బాగా మానుతోందని చెప్పి లేచింది. నా పక్క నించే పోయింది, నా వైపు చూడలా. "అక్కా" అని పిలిచా. ఆగలేదు. రేపు మళ్ళీ పిలుస్తా.

ఇట్లు,
నువ్వొచ్చేదాకా నాన్నని కంటికి రెప్పలా చూసుకునే
నీ కూతురు,
స్వాతి