జూలీకి రెండు లోటాలు

మామా,

జూలీకి డబ్బాలో ఉండే డాగ్‌ఫుడ్ పొద్దున ఒక లోటా, సాయంత్రం ఒక లోటా, అంతే. టీలో ముంచిన బన్ను వద్దు. ముప్పై ఒక్క కిలోలు ఉండాదని, ఇట్లే అయితే నడవలేదని డాక్టరు నన్నే తిట్టినాడు. "ఇంట్లో దీనికి దొంగచాటుగా పెట్టేదెవరమ్మా?" అని అడిగితే తెలీదన్నాను.

తెలుసు. అత్త పోయినప్పటి నుంచి మీ రాగి ముద్దలో సగం దానికే పోతా ఉండాది. మీ బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త బొక్క నిన్న చూసినాను.

తెల్లవారుజామున కలొచ్చింది. జూలీ మబ్బులాగా ఉబ్బి, బంగారు గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీద మెల్లగా తేలిపోతా ఉండాది. దాని తాడు మీ చేతిలో ఉండాది. మీ కాళ్లు కూడా నేల విడిచినాయి. మీరేమో నవ్వుతా ఉండారు.

ముద్ద, దాంట్లోకి బస్సారు పులుసు మూత కింద పెట్టినాను. జూలీని పెరట్లో కట్టేసి, కూర్చుని మొత్తం మీరే తినండి. నేను పనికి పోయే మాలూరు రైలుకు టైమైపోయింది.

మీ కోడలు సౌభాగ్య

ఇంగొకటి. కలలో మీ కాళ్లు పట్టుకొని కిందికి లాగింది నేనే. నా బరువొక్కటే చాలలేదు మామా.