పసుపు పూల బొమ్మ కింది మాట

ధర్మవరంలో ఉన్న అమ్మకు, హిందూపురం నుంచి మహజబీన్ సలాం. కోపంతో ఒళ్లు మండుతోంది గానీ, అది తప్పిస్తే నేను బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్‌లో ఈ సంగతి ఎత్తితే నువ్వు సగంలోనే పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

"తోటలకు ప్లాను గీసేది గూడా ఒక ఉద్యోగమేనా?" అని పక్కింటి ఈరక్క అడిగిందన్నావు. ఏ చెట్టు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో చెప్పడం నా పని అని చెప్పు. ఆ చెట్టును ఆకు, పువ్వు, కాయతో సహా ఉన్నదున్నట్టు రంగుల్లో గీయడం కూడా నా పనే. అయినా ఈరక్కను అని ఏం లాభం? మన ఇంట్లోవాళ్లకే తెలియలేదు!

ఇక్కడి అంగన్‌వాడీ తోటకు ప్లాను నాది. కాంట్రాక్టు నీ తమ్ముడిది, పెనుకొండ రియాజ్ మామది. పిల్లలు తిరిగేచోట వద్దని పసుపు పూల పచ్చగన్నేరు బొమ్మ గీసి, కింద "విషం, నాటకూడదు" అని రాసిచ్చాను. మామ ఆ మాట కత్తిరించేసి, బొమ్మను మాత్రం ఆఫీసరుకు చూపించాడు. ఆయన భలే ఉందన్నాడట. ఇంకేం, మామ పూలూ కాయలూ ఉన్న ఆ మొక్కలే తెచ్చి గేటు నుంచి వసారా దాకా నాటించాడు.

అడిగితే ఏమన్నాడో తెలుసా? "మేకలు ముట్టవు, నీళ్లు అడగవు. నువ్వు అంత సక్కగా గీసినాక నాటకుండా ఎట్లుంటాం పాపా?"

మొన్న ఒక చంటిది ఆ కాయ నోట్లో పెట్టుకుంది. ఆయా ఉలిగమ్మ చూసి, వేలు పెట్టి లాగేసింది కాబట్టి సరిపోయింది. అప్పుడూ మామ నవ్వాడు! "ఏమీ కాలేదు గదా, గమ్మునుండు. ఇంటి మాట ఈదికి ఎక్కిచ్చద్దు" అన్నాడు. ఇది ఇంటి మాటా అమ్మా? ఆ బిడ్డకు మాత్రం ఇల్లు లేదా, తల్లి లేదా?

నేను గమ్మునుండలేదు. ఎవరో చెబితే నువ్వు వినడం నాకిష్టం లేదు. మామ మీద ఫిర్యాదు ఇచ్చింది నేనే. నాకు మొదటి రంగులపెట్టె కొనిచ్చింది ఆయనేనని నువ్వు గుర్తు చేయనక్కర్లేదు. ఏడుస్తూనే సంతకం పెట్టాను. నువ్వు తిట్టినా వెనక్కి తీసుకోను.

మామ కొత్తింటి హాలుకు నా పసుపు పూల బొమ్మ కావాలని అడిగావు కదా. పంపుతున్నాను. ఈసారి ఆ మాట కింద రాయలేదు. పూల మీదుగా, బొమ్మ నడిమధ్యన రాశాను. ఇప్పుడు కత్తిరించుకోమను.

ఇట్లు,
నీ కూతురు, రియాజ్ మామకు ఇప్పటికీ మేనకోడలు,
మహజబీన్